తిట్టిన నోటితోనే మంగళహారతి

2023 నవంబర్ 19 రాత్రి ట్రావిస్ హెడ్ క్షేమంగా హోటల్ గదికి చేరాడంటే, అహ్మదాబాద్ మన హుస్నాబాద్‌కు అంత దూరంలో ఉండబట్టే. ప్రపంచకప్ ఫైనల్లో ముందు రోహిత్ శర్మ క్యాచ్‌ను వెనక్కి ఉరికి మరీ పట్టాడు. తర్వాత తీరిగ్గా 137 కొట్టాడు. చౌరస్తా చాయ్ హోటల్లో టీవీ ముందు ఒకటే శాపనార్థాలు: “వీని చెయ్యి పడిపోను!” “వీడు మన్నుల గలువ!” ఇక ఆస్ట్రేలియా కెప్టెన్ పాట్ కమిన్స్. అంత జనాన్ని నోరు మూయించడంలో ఉన్న తృప్తే వేరని ముందురోజే చెప్పి, చెప్పినట్టే స్టేడియం నోరు మూయించాడు. మన హోటల్లో మాత్రం నోళ్లు తెల్లారేదాకా మూతపడలేదు.

అప్పటికి అసెంబ్లీ ఓట్లకు పదకొండు రోజులే ఉంది. వాకిట్లోకి వచ్చిన అభ్యర్థిని గౌరవెల్లి రిజర్వాయర్ కాల్వలు ఎప్పుడని నిలదీయాల్సిన గొంతు, రోహిత్ ఆ షాట్ ఎందుకు కొట్టిండని టీవీని నిలదీస్తూ బొంగురుపోయింది.

సరిగ్గా నెలకు, డిసెంబర్ 19న, దుబాయ్‌లో ఐపీఎల్ వేలం. సన్‌రైజర్స్ హైదరాబాద్ కమిన్స్‌ను 20.50 కోట్లకు, హెడ్‌ను 6.80 కోట్లకు కొన్నది. అంతే, ఆ సాయంత్రం నుంచే ఇద్దరూ మనోళ్లు. శుద్ధి లేదు, సంప్రోక్షణ లేదు. 2024 ఏప్రిల్ 15న బెంగళూరులో హెడ్ 41 బంతుల్లో 102 బాదాడు, జట్టు 287కు చేరింది. పడిపోవాలని మొక్కిన చెయ్యి నూరేళ్లు సల్లగుండాలని అదే నోరు దీవించింది. ఎల్లమ్మకు మొక్కి మరిచిపోతే కలలోకి వస్తుందని భయపడే మనిషే ఇక్కడ మొక్కును ఏకంగా తిరగేశాడు. తల్లి కూడా ఏ మొక్కును లెక్కలోకి తీసుకోవాలో తెలియక తికమకపడి ఉంటుంది.

ఇంతకీ ఈ ‘మన హైదరాబాద్’ జట్టు యజమాని చెన్నై సన్ టీవీ. 2024లో కెప్టెన్ కమిన్స్ సిడ్నీవాడు. తెలుగు పిలగాడంటే విశాఖ నుంచి వచ్చిన నితీశ్ కుమార్ రెడ్డి ఉన్నాడు, పుణ్యం. అచ్చమైన హైదరాబాదీ సిరాజ్ అప్పుడు బెంగళూరుకు, తిలక్ వర్మ ముంబైకి ఆడుతున్నారు. ఆ మార్చిలో తిలక్ ఉప్పల్‌లో మన జట్టు మీదే 64 కొడుతుంటే మనం గుండెలు పట్టుకుని కూర్చున్నాం. మన ఇంటి పిల్లవాడు బాగా ఆడుతున్నాడని దిగులుపడే భాగ్యం ఎందరికి దక్కుతుంది!

దేవుళ్లను మార్చుకోవడం నేరమని నేననను. నా బాధ ఆ కోపం గురించి. కరువు ప్రాంతంలో అంత కోపం పండుతోంది, ఒక్క చుక్కా మన పొలానికి రాదు.

2022నే చూడండి. జూన్‌లో ఇక్కడికి దగ్గర్లోనే, గుడాటిపల్లిలో, గౌరవెల్లి రిజర్వాయర్ కింద ఇండ్లూ భూములూ పోతున్న నిర్వాసితుల మీద లాఠీలు లేచాయి. వాళ్లు అడిగింది పరిహారం. 1.41 టీఎంసీలనుకున్న రిజర్వాయర్‌ను 8.23కు పెంచారు మరి, మునిగేది కూడా పెరిగింది. సెప్టెంబర్ 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో మళ్లీ లాఠీలు. ఇక్కడ అడిగింది ఉప్పల్‌లో ఆస్ట్రేలియాతో టీ20కి టికెట్లు. మన క్రికెట్ భక్తుడికి రెండో సంగతే మనసుకు తగిలింది. “టికెట్ అడిగితే కొడ్తరా? ఇది ప్రజాస్వామ్యమేనా?” అని బల్ల గుద్దాడు. మొదటిదానికి “అయ్యో పాపం” అని రిమోట్ అందుకున్నాడు. హెడ్ స్ట్రైక్‌రేటు నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. 8.23 అంటే మాత్రం ఎవరి రన్‌రేటు అంటాడు.

పోనీ, గుడి లెక్కలైనా అడుగుతాడా? 2024 ఏప్రిల్‌లో చెన్నైతో మ్యాచ్‌కు ముందురోజు, కోటిన్నరకు పైగా కరెంటు బకాయిలున్నాయని ఉప్పల్ స్టేడియానికి కరెంటు కోసేశారు. 2025 జూలైలో హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షుణ్ణి సీఐడీ అరెస్టు చేసింది. ఇక జెర్సీ మీద దేశం పేరు రాసి ఆడించే బీసీసీఐ తమిళనాడు సొసైటీల చట్టం కింద నమోదైన ఓ సంఘం. రాజ్యాంగం దృష్టిలో అది ‘రాజ్యం’ కిందికి రాదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. అయిదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులు అమ్మి 48,390 కోట్లు పలికించుకున్న సంఘం అది. మన ఆడోళ్ల పొదుపు సంఘం కూడా సంఘమే. అక్కడ వందరూపాయలు తేడా వస్తే నలుగురు అక్కలు పుస్తకం ముందు పెట్టుకుని పొద్దుగూకేదాకా లేవరు. వాళ్లను ఒక్క పూట బీసీసీఐ ముంబై ఆఫీసుకు పంపాలని నా కోరిక.

2025 సీజన్‌కు సన్‌రైజర్స్ కమిన్స్‌ను 18 కోట్లకు, హెడ్‌ను 14 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఈ ప్రేమకూ సెలవులుంటాయి. ఆ మార్చి 4న చాంపియన్స్ ట్రోఫీ సెమీస్‌లో హెడ్ 39కి అవుటైతే పటాకులు పేలాయి. మార్చి 23న ఉప్పల్‌లో అదే హెడ్ 31 బంతుల్లో 67 కొడితే మళ్లీ పటాకులు. ఇందులో గందరగోళం లేనిది పటాకులమ్మే పెద్దమనిషికే. “వాడు ఏ దేశపోడైతే నాకేంది బిడ్డా,” అంటాడు, “కొట్టినా గిరాకే, అవుటైనా గిరాకే.”