కాకి చెబితేనే వింటాం

మన జాగ్రత్తకు దండం పెట్టాలి. క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఇక కీమో పనిచేయదని పెద్ద డాక్టరు తేల్చేశారు. పెద్దాయన పక్క మీద మెలికలు తిరిగిపోతున్నాడు. మార్ఫిన్ బిళ్లలు రాయగానే బావమరిది చీటీ లాక్కుని, "అమ్మో, మత్తుమందు! బావకి అలవాటైపోతే?" అంటాడు. నిజమే మరి. నెలలో పోయే మనిషి దురలవాటుతో పోతే వంశం పరువేం కాను?

క్యాన్సర్ నొప్పికి నోటి ద్వారా మార్ఫిన్ ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. సరైన మోతాదులో నాలుగు గంటలకోసారి వేస్తే అది వ్యసనం కావడం అరుదని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. వాళ్లకేం తెలుసు? బావమరిదికి వాట్సాప్ ఉంది.

సర్కారు వారి జాగ్రత్త ఇంకా ఘనం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతుల చేత లైసెన్సిచ్చి మరీ నల్లమందు పండించి, పై దేశాలకు ఎగుమతి చేసింది. అందులోంచి తీసే మార్ఫిన్‌కు ఇక్కడ మాత్రం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంతో తాళం వేసింది. ఆ బిళ్ల తెప్పించుకోవాలంటే ఆస్పత్రి నాలుగైదు లైసెన్సుల కోసం శాఖల చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకోదాని గడువు తీరేది. 2014లో చట్టం సవరించి ఒక్క అనుమతి చాలన్నారు. తాళమైతే తీశారు, తలుపు తోసినవాళ్లే తక్కువ. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలాంటి చోట్ల దొరికే ఉపశమనం ఊళ్లో మందుల షాపులో అడిగి చూడండి, గంజాయి అడిగినట్టు చూస్తారు.

చవక బిళ్లకు జంకే మనం ఐసీయూకి జంకం. ముక్కులో గొట్టం, గొంతులో గొట్టం, పీక్కోకుండా మంచానికి కట్టేసిన చేతులు, అద్దం అవతల చుట్టాలు. పొలం అమ్మి కట్టిన బిల్లు చూపిస్తేనే కదా, "చేయాల్సిందంతా చేశాం" అన్నమాటకు విలువ! "చివరిదాకా పోరాడాడు" అని ఊరు మెచ్చుకుంటుంది. పోరాటం ఆయనది, పేరు మనది.

పెద్దకర్మ నాడు మాత్రం ఏ లోటూ చేయం. ఆయనకిష్టమైన గారెలూ బూరెలూ వండి పిండం పెట్టి, కాకి ముట్టేదాకా చేతులు కట్టుకు నిలబడతాం. ముట్టకపోతే, "ఏదో కోరిక మిగిలిపోయినట్టుంది" అని తలలు పట్టుకుంటాం. మనిషి రాత్రింబవళ్లు అరిచి చెప్పిన కోరిక చెవికెక్కలేదు. అరవని కాకి మనసు మాత్రం ఇట్టే అర్థమైపోతుంది!