ఐదో అంతస్తు కిటికీ

ఇంటర్‌లో చేరడానికి మా మేనల్లుడు హనుమకొండ బస్టాండులో దిగాడు. నెత్తిన పరుపుచుట్ట, చేతిలో ట్రంకుపెట్టె. మొదటి ప్రశ్న: “మామా, ఈడ అన్నిట్లకన్న ఎత్తు బిల్డింగు ఏదే?”

ఒకప్పుడైతే గుట్టలు చూపించి తప్పుకునేవాణ్ణి. ఇప్పుడు దర్జాగా చెప్పొచ్చు: వరంగల్లో 24 అంతస్తుల ఆసుపత్రి. నిజాం కాలం నాటి సెంట్రల్ జైలును నేలమట్టం చేసి, ఖైదీలను వేరే ఊళ్లకు పంపి, 2021 జూన్‌లో శంకుస్థాపన చేశారు. 2,000 పడకలు, 1,100 కోట్లు అన్నారు. తర్వాత ముఖ్యమంత్రి మారాడు, గడువులు మారాయి, ఖర్చు లెక్కలూ మారాయి. అంతస్తులు మాత్రం మాట తప్పలేదు.

ఆలస్యమని సణిగేవాళ్లను నేను వేయిస్తంభాల గుడికి తీసుకెళ్తాను. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. అక్కడి కల్యాణ మండపాన్ని పురావస్తు శాఖవారు 2006 ప్రాంతంలో రాయి రాయీ విప్పి, మళ్లీ పేర్చి, 2024 శివరాత్రికి తెరిచారు. మేడ లేదు, మెట్ల గొడవ లేదు, లిఫ్టు అసలే లేదు. ఉన్న ఒక్క అంతస్తుకీ పద్దెనిమిదేళ్లు. ఆ లెక్కన 24 అంతస్తులకు 432 ఏళ్లు పట్టాలి. ఆసుపత్రి వాళ్లు తొందరపడుతున్నారనే నా అనుమానం.

మావాడి చూపు ఆసుపత్రి మీద లేదు, కాలేజీల మీద ఉంది. మా ఊళ్లో చదువుల మేడలు ఐదో అంతస్తు దగ్గర బుద్ధిగా ఆగిపోతాయి. అది వినయం కాదు. ఒక ఎత్తుకు చేరితే హైరైజ్ కింద లెక్క, ఫైర్ వాళ్ల షరతులు బిగుస్తాయి. అందుకే కింద బేకరీ, దానిమీద బ్యాంకు, ఆపైన ఫిజిక్సు, డాబా మీద రేకుల కింద స్టడీ అవర్. సర్కారు భాషలో దీని పేరు మిక్స్‌డ్ ఆక్యుపెన్సీ. ‘ఈ ఒక్క ఏడాదికే’ అంటూ ఏళ్ల తరబడి మినహాయింపులు ఇస్తూ వచ్చారు.

అయితే కొలతకు అందని ఎత్తు ఒకటుంది: మేడ మీది ఫ్లెక్సీ. మేడలో ఒకటో నంబరు అడుగున ఉంటుంది, ఫ్లెక్సీలో ఒకటో నంబరు మబ్బుల్లో ఉంటుంది. నక్కలగుట్ట వైపు వెళ్తుంటే ఒకే పిల్లగాడు రెండు కాలేజీల మీద నుంచి నవ్వుతున్నాడు. “ఇద్దరూ కవలలా మామా?” అన్నాడు మావాడు. వీడికి లెక్కలు వస్తాయి గానీ లోకం రాదు.

హాస్టల్ గది ఐదో అంతస్తులో. లిఫ్టు ముందు బోర్డు: ‘సార్లకు మాత్రమే’. పరుపు వాడు, పెట్టె నేను మోసుకుంటూ ఎక్కాం. ఇంత పైకి వచ్చాం కదా, ఆసుపత్రి చూపిద్దామని కిటికీ రెక్క తోశాను. జానెడు దూరంలో ఇనప చట్రం, దానికి బిగించిన ఫ్లెక్సీ వెనకవైపు. ఒకటో ర్యాంకు తిరగబడి లీలగా కనిపిస్తోంది.

మావాడు కాసేపు దాన్నే చూశాడు.

“మామా, బయట ఇంక ఎండున్నదా?”