పార్కు బాతు పెంపుడుదా, అడవిదా? వినకూడని ఏడు సలహాలు

శంషాబాద్‌కి ఉత్తరాన ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ ఉంది. 1927లో కట్టడం పూర్తయిన ఈ జలాశయానికి ఏటా చలికాలంలో వలస బాతులు వస్తాయి. ఆరాంఘర్ దాటి హైదరాబాద్ నగరంలోకి వెళితే మీర్ ఆలం చెరువు, దాన్ని ఆనుకునే 1963లో తెరిచిన నెహ్రూ జూ పార్కు. చెరువుకు పక్షులు వాటంతటవే వస్తాయి, జూలో నీటిపక్షుల్ని పెంచుతారు. పార్కుల్లో, ఫామ్‌హౌసుల్లో వదిలిన బాతులు వీటికి అదనం. అన్నీ ఒకే నీళ్లలో కలిసి కనబడ్డప్పుడు ఏది ఎవరిదో తేల్చడానికి జనం చెప్పుకునే చిట్కాలు చాలావరకు తప్పు. ఆ తప్పుకి పక్షులు మూల్యం చెల్లిస్తున్నాయి. అందుకే ఒక్కొక్కటే చూద్దాం.

1. “మనిషిని చూసి బెదరకపోతే పెంపుడుదే”

రాయి విసిరేవాళ్లు లేని చోట అడవి పక్షి కూడా బెదురు మానేస్తుంది. పార్కు కొలను గట్టున మనకి నాలుగడుగుల దూరంలో చేప కోసం కాచుకుని నిలబడే గుడికొంగని ఎవరూ పెంచలేదు. బెదురు సంగతి పక్కనపెట్టి రాకపోకలు గమనించండి. మన అడవి బాతులు చాలావరకు పొద్దువాలాక మేత కోసం వరిమళ్లకి, వేరే చెరువులకి ఎగిరిపోతాయి. పెంపుడు బాతు చీకటిపడితే తన గూటికో, అదే గట్టుకో చేరుతుంది.

2. “ఎగరలేకపోతే ఎవరో పెంచుకున్నదే”

గుడ్లు పెట్టే కాలం అయ్యాక చాలా జాతుల బాతులు రెక్కల్లోని పెద్ద ఈకలన్నీ ఒకేసారి రాల్చేస్తాయి. కొత్తవి వచ్చేదాకా కొన్ని వారాలు ఎగరలేవు, రెల్లులో నక్కి ఉంటాయి. అది జబ్బు కాదు, బందీతనమూ కాదు. నిజంగా పెంచిన పక్షి అయితే రెక్క విప్పినప్పుడు తెలుస్తుంది. ఈకల చివర్లు కత్తెర పెట్టినట్టు తిన్నగా ఉంటాయి, లేదా ఒకవైపు రెక్క కొసే ఉండదు. కత్తిరించిన ఈకలు మళ్లీ వస్తాయి, తీసేసిన రెక్క కొస మాత్రం రాదు.

3. “కాలికి రింగుంటే యజమాని ఉన్నట్టే”

బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు వలసల్ని తెలుసుకోవడానికి అడవి పక్షుల కాళ్లకి లోహపు రింగులు వేస్తారు. వాటి మీద సొసైటీ పేరు, అంకె ఉంటాయి. మంగోలియాలో మెడపట్టీ వేసిన పట్టెతల బాతులు హిమాలయాలు దాటి కర్ణాటక చెరువుల్లో కనిపించాయి. కాబట్టి రింగు కనిపిస్తే పక్షిని పట్టుకోవద్దు. అంకె చదవగలిగేలా ఫొటో తీసి సొసైటీకి పంపండి. ఆ ఒక్క ఫొటోతో ఒక పక్షి ప్రయాణం తెలుస్తుంది.

4. “తెల్లది పెంపుడుది, గోధుమరంగుది అడవిది”

ఖాకీ క్యాంప్‌బెల్ అచ్చంగా గోధుమరంగు బాతే, గుడ్ల కోసం పెంచేదే. రంగుతో తేలదు, దగ్గరగా చూడాలి. ఏడాది పొడవునా మన చెరువుల్లో ఉండే మచ్చముక్కు బాతుకి నల్లటి ముక్కు, దాని కొసన పసుపు, ముక్కు మొదట్లో రెండువైపులా ఎర్రచుక్కలు, ఎర్రటి కాళ్లు ఉంటాయి. పెంపుడు బాతులు చాలావరకు మల్లార్డ్ అనే అడవి బాతు సంతతి. వాటి మగవాటికి తోక మీద మెలితిరిగిన ఈకలుంటాయి, వెనకభాగం బరువుగా కిందికి దిగి ఉంటుంది. ముఖమంతా ఎర్రటి కండబుడిపెలుంటే అది మస్కోవీ. దాని పూర్వీకులు దక్షిణ అమెరికావి.

5. “బాతు చెట్టెక్కదు, ఎక్కిందంటే ఎక్కడినుంచో తప్పించుకొచ్చిందే”

మన ఈలబాతు చెట్టుకొమ్మ మీద హాయిగా వాలుతుంది, చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. ఎగిరేటప్పుడు సన్నగా ఈల వేస్తుంది. ముక్కు మీద నల్లటి బుడిపె ఉండే నకటా బాతుదీ తొర్ర కాపురమే. ఆ బుడిపె చూసి దాన్ని మస్కోవీ అనుకునేవాళ్లున్నారు. చెరువుగట్టు మీది ముసలి చెట్టు కొట్టేస్తే వీటికి గూడు ఉండదు.

6. “అనుమానంగా ఉంటే పట్టి ఇంటికి తీసుకెళ్లండి”

అన్నిటికన్నా చెడ్డ సలహా ఇదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి బాతుని పట్టడం, పెంచుకోవడం నేరం. ఈకలు రాల్చుకుని ఎగరలేని పక్షిని జాలితో ఇంటికి తెస్తే, నాలుగు వారాలు ఆగితే తానే ఎగిరిపోయే జీవిని మనమే బందీ చేసినట్టు. నిజంగా గాయం కనిపిస్తే అటవీశాఖకు చెప్పండి.

7. “పెంచలేకపోతే చెరువులో వదిలేయండి, రోజూ బ్రెడ్ వేయండి”

పెంపుడు బాతుకి కుక్కల్ని తప్పించుకోవడం తెలియదు. బతికితే మరో ముప్పు ఉంది. న్యూజిలాండ్‌లో మనుషులు తెచ్చి వదిలిన మల్లార్డులు అక్కడి గ్రే డక్‌తో జతకట్టి ఆ జాతినే కరిగించేస్తున్నాయి. మచ్చముక్కు బాతు కూడా మల్లార్డుకి దగ్గరి చుట్టమే. ఇక బ్రెడ్‌లో బాతుకి కావలసిన పోషకాలు లేవు, మిగిలింది నీళ్లలో కుళ్లుతుంది. 2008లో తెరిచిన శంషాబాద్ విమానాశ్రయం పక్కనే ఉండగా ఇది మరీ ప్రమాదం. విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్ల లోపు పక్షుల్ని రప్పించేలా చెత్త పారేయడాన్ని 1937 నాటి విమాన నిబంధనల్లో 91వది నిషేధించింది. శంషాబాద్ ఊరు ఆ పరిధిలోదే.

మరి ఏం చేయాలి?

ఒక్క గుర్తుతో తీర్పు చెప్పొద్దు. రెక్క, ముక్కు, కాళ్లు, నెల, సాయంత్రపు రాకపోకలు, అన్నీ కలిపి చూడండి. సూదితోక బాతు, చెంచామూతి బాతు చలికాలపు చుట్టాలు. జూన్‌లో అవి కనబడితే గాయపడ్డవో, పెంచినవో అయ్యే అవకాశం ఎక్కువ. తోటమాలిని అడగండి, ఎవరు వదిలారో ఆయనకు తెలుస్తుంది. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొంటే పెంపుడు బాతుల్ని అడవివాటితో కలిపి లెక్కించకండి. ఆ లెక్కే రేపు ఏ చెరువుని కాపాడాలో చెబుతుంది. తేల్చుకోలేకపోతే “తెలియలేదు” అని రాయండి, పక్షిని మాత్రం ముట్టుకోకండి.