అన్నవరం మెట్ల దారి

మా రోజుల్లో అన్నవరం అంటే రాజమండ్రిలో రాత్రి రైలెక్కడమే. చీకటుండగానే దిగి, పంపా నదిలో మునిగి, తొలిపావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్లెక్కేవాళ్లం. 2022 నుంచి అది కాకినాడ జిల్లా అంటున్నారు గానీ, మాబోటి వాళ్లకు ఇప్పటికీ తూర్పుగోదావరే.

గుడి ఉన్న రత్నగిరి కొండ ఏమంత ఎత్తు కాదు. మెట్లు 460 దాకా ఉంటాయి. కుర్రాళ్లు పరుగున ఎక్కేయొచ్చు. అయినా మాకు తెల్లారిపోయేది. ఎందుకంటే మా అమ్మ ప్రతి మెట్టు దగ్గరా వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టేది. సగం కొండకే ఆవిడ చెయ్యి మణికట్టు దాకా పచ్చబడిపోయేది. నడుం పట్టేసి కూలబడితే, వెనకొచ్చే ముక్కూమొహం తెలియని ఆవిడెవరో గిన్నె అందుకుని మిగతా మెట్లకు రాసుకుంటూ పోయేది. ఈలోగా కింద పొలాల మీద మంచు తెల్లబడేది, పంప నీళ్లకు రంగొచ్చేది. ఎక్కుతూ ఎక్కుతూ వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ ఆకాశం ఇంకో రంగులో ఉండేది. పైకి చేరేసరికి సూర్యుడు. గుడి దగ్గరున్న నీడ గడియారం చుట్టూ మమ్మల్ని నిలబెట్టి, నీడ ఏ గీత మీద పడిందో చెప్పమనేవారు నాన్నగారు. ఆ తర్వాతే వ్రతం, విస్తరాకు పొట్లంలో గోధుమరవ్వ ప్రసాదం.

ఇప్పుడో? ఘాట్ రోడ్డు మీద కారు నేరుగా కొండపైకి. పిల్లలు నిద్రకళ్లతో దిగుతారు. తీరా సూర్యుడొచ్చే వేళకి ఇంటిల్లిపాదీ తూర్పుకి వీపు పెట్టి ఫోన్లోకి చూస్తూ నవ్వుతారు. నీడ గడియారం ముందు నుంచే పోతారు, అదేమిటని అడిగే పిల్లాడు లేడు, చెప్పే తండ్రీ లేడు. నాకు నిజంగా బాధేస్తుంది.

ముసలివాళ్లకీ, మోకాళ్ల నొప్పుల వాళ్లకీ రోడ్డు ఉండాల్సిందే, కాదనను. కానీ 1891లో సత్యనారాయణ స్వామిని ప్రతిష్ఠించిన నాటి నుంచి కాలినడకన ఎక్కిన కొండ అది. పాతికేళ్ల కుర్రాడికి కారెందుకు?

ఈ కార్తీకంలో వెళ్తే పిల్లల్ని నాలుగింటికే లేపండి. తొలిపావంచా దగ్గర దిగి, వాళ్ల చేతికి పసుపు గిన్నె ఇవ్వండి.