ఆల్‌సెల్ త్రిపాది: టీకా తాత్పర్యము

మూలము

ఎన్‌సెల్, ఎస్, లోక్, జెడ్, 0
సీఎం, బేస్, నోడ్
ఆల్‌సెల్

అవతారిక. జాన్ స్వాన్సన్ 1970లో స్థాపించిన సంస్థవారి ఆన్సిస్ ఆజ్ఞాభాషలోనిది ఈ త్రిపాది. కథానాయకుడు ఒక ఉక్కు బ్రాకెట్. అడుగు తలమున బిగింపబడవలసినవాడు. వానిని చిన్న ముక్కల మెష్‌గా విభజింపగా ఏర్పడిన వేలకొలది నోడ్లలో ఏవి బిగింపవలెనో తేల్చుట కవి సంకల్పము. ఛందస్సు అడుగరాదు, యతిస్థానమున కామా నిలిచినందుకే సంతోషింపవలెను.

ప్రతిపదార్థము. ఎస్ = పాత ఎంపికను విడిచి సరికొత్తగా; లోక్ = స్థానమును బట్టి; జెడ్, 0 = జెడ్ నిరూపకము సున్నయైన; ఎన్‌సెల్ = నోడ్లను ఎంచుము; సీఎం, నోడ్ = ఆ నోడ్లను కూటమిగా కట్టి; బేస్ = బేస్ అని పేరిడుము; ఆల్‌సెల్ = పిమ్మట అన్నిటిని మరల ఎంపికలోనికి తెమ్ము.

తాత్పర్యము. స్పష్టము.

విశేషములు. సున్న అనగా సున్నయే కదా యని పామరులు తలతురు. అచ్చట మన్నింపు (టాలరెన్స్) మిలియన్‌లో ఒక వంతు మాత్రమే గనుక వారికి చెల్లినది. అచ్చటనే 1000 అని వ్రాసినచో, వేరుగా చెప్పనంతవరకు, మన్నింపు ఆ సంఖ్యలో 0.005 వంతు, అనగా అటు 5, ఇటు 5. మిల్లీమీటర్లలో గీసినవాడు ఒక్క తలమును కోరి, 995 మొదలు 1005 వరకు గల నోడ్లన్నిటిని పట్టుకొనును. ఒక్క ఇంటికి శుభలేఖ వేయగా వీధి వీధంతయు పంక్తిలో కూర్చున్నట్లు. మెష్ ముతకగా నున్న దినములలో ఇది బయటపడదు. మన్నింపును మనమే నిర్ణయించు సెల్‌టోల్ అను పరిహారము కలదు, చేయువారు అరుదు.

మౌస్ సంప్రదాయమువారు నోడ్లను ఒక్కొక్కటిగా నొక్కి ఎంచుటయే శ్రేష్ఠమందురు. వారి ఓర్పునకు నమస్కారము. మెష్ చెరిపి మరల వేసిననాడు పాత నోడ్లు పోవును, వానితో కూటమియు పోవును. స్థానమును నమ్మినవాడు అవే పాదములను మరల నడిపి టీ తాగ పోవును. మేము ఈ పక్షమువారము.

పేరు అక్షరముతో మొదలు కావలెను, పొడవుగానే ఉండవచ్చును. అంత చోటుండియు శిష్యులు ‘న్యూ’, ‘న్యూ2’, ‘ఫైనల్_న్యూ’ అని నామకరణము చేయుచున్నారు. పేరిడినవాడు సెలవు పెట్టిననాడు న్యూ2 దేనిని బిగించినదో చెప్పువారుండరు.

పాఠాంతరము. కొన్ని ప్రతులలో మూడవ పాదము కానరాదు. లేఖకదోషమని కొందరు, రాత్రి పదకొండు గంటల మహిమ యని మా మతము. ఎంపిక మార్చునంతవరకు నిలిచియే యుండును. కావున ఆ ప్రతులలో ఎంపికలోని నోడ్లన్నిటికి ఉష్ణోగ్రత నిచ్చు తరువాతి ఆజ్ఞ ‘బీఎఫ్, ఆల్, టెంప్, 80’ నడిచినప్పుడు, బ్రాకెట్ అంతయు వేడెక్కుననుకొన్నవానికి అడుగు నోడ్లు మాత్రమే వేడెక్కును. లెక్క కట్టించు సాల్వ్‌కు ముందు ఆల్‌సెల్ జ్ఞప్తికి వచ్చినను లాభము లేదు. వేడి ఆవరకే పంచబడినది. ఎర్రని అక్షరములతో తప్పు చూపువాడును లేడు. రంగుల బొమ్మ యథావిధిగా వచ్చును, మీటింగునకు పోవును. అందరును పై అంచున ఎర్రగా నున్న చోటు కొరకు వెదకుదురు.