పోపుగంట పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: పర్చూరు పక్క పల్లెలో పుట్టి, అమెరికా వెళ్లి, టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ శివారైన ఫ్రిస్కోలో అపార్ట్‌మెంటు అద్దెకు తీసుకున్న ఒక చిరంజీవి, దిగిన మొదటి ఆదివారం పప్పుకు తాలింపు పెట్టగా జరిగిన ఉపద్రవమే ఇందులో వస్తువు. కర్త అజ్ఞాతకవి. రూమ్మేటే అయివుంటాడని మా అనుమానం. మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు.

మూలం (ఆటవెలది):

ఎండుమిరప వేగ నింటికప్పున గంట
గొల్లుమనియె పొరుగు కుక్క మొరగ;
తలుపు తట్టి యడిగె దగులబడెనొ యిల్లు;
అడుగవలెను పోపు కనుమతిపుడు.

ప్రతిపదార్థం: ఎండుమిరప = కళ్లంలో ఎండి, తొడిమ ఊడి, అమ్మ చేత జిప్పు సంచిలో కుక్కబడి, చొక్కాల మడతల్లో విమానమెక్కిన మిరపకాయ; వేగన్ = నూనెలో వేగగా (నల్లబడక ముందే అని గ్రహించాలి); ఇంటికప్పునన్ = చేతికి అందనంత ఎత్తున; గంట = పొగను పసిగట్టే తెల్లని గుండ్రటి యంత్రము; గొల్లుమనియెన్ = మూడు కూతలు, ఒక ఊపిరి, మళ్లీ మూడు కూతలుగా ఏడ్చెను; పొరుగు కుక్క = గోడ అవతల నివసిస్తూ, తన పేరిట నెలనెలా వేరే అద్దె కట్టించుకుంటున్న శునకము; మొరగన్ = శ్రుతి కలుపగా; తలుపు తట్టి = కాలింగ్ బెల్లు ఉండగా దాన్ని నొక్కక; ఇల్లు తగులబడెనొ = కొంప అంటుకుందా యని; అడిగెన్ = ప్రశ్నించెను; ఇపుడు = ఇకమీదట; పోపుకు అనుమతి అడుగవలెను = తాలింపుకు సెలవు పుచ్చుకోవలెను.

తాత్పర్యం: మిరపకాయ వేగింది. గంట మోగింది. పప్పు చల్లారింది.

విశేషాలు: మూడో పాదం చివర సంధి చేయలేదని పండితులు ముక్కు విరుస్తారు. ఆ పొగలో ముక్కు విరవడమే గొప్ప. ‘అడిగె’కు కర్త లేకపోవడం మాత్రం లోపం కాదు. వచ్చినవాడి పేరు తెలియదు. పక్క ఫ్లాట్లో ఎవరుంటారో తెలియకుండానే ఏడాది గడిచే చోట కర్త లోపించడమే ఔచిత్యం. మన పల్లెలో అయితే ఇంత ఘాటుకు తలుపు తట్టరు. వీధిలోంచే ఒక తుమ్ము తుమ్మి, “ఏమ్మా, పప్పులోకా, పులుసులోకా?” అంటారు.

‘ఎండుమిరప’ ఏ రకం? తేజ అని గుంటూరు యార్డు సంప్రదాయం, 334 అని లాం పరిశోధన ఫారం సంప్రదాయం. టిక్కీ (బస్తా) విప్పగానే తుమ్మించే గుణాన్ని బట్టి తేజ పక్షమే మాకు నచ్చింది. ఈ ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ మన నరాల్లో ఏ ద్వారం గుండా మంట పుట్టిస్తుందో 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. తలుపు తట్టినవాడు అదే సంగతిని దగ్గుతూ చెప్పాడు. ఇంకా విచిత్రం, మిరప పుట్టిల్లు అమెరికా ఖండమే. పోర్చుగీసువాళ్లు తేగా మన దగ్గరికి వచ్చింది. టెక్సాస్ 1995లో హాలపీన్యోను రాష్ట్ర మిరపగా, 1997లో చిల్టెపిన్‌ను రాష్ట్రపు నాటు మిరపగా ప్రకటించుకుంది కూడా. అంత ఆదరం ఉన్న పుట్టింటికి తిరిగి వెళితే, ఆడపడుచును గుమ్మంలోనే ఆపి గుర్తింపు కార్డు అడిగారు.

ఇప్పుడు గంట సంగతి. ఇది వట్టి యంత్రం కాదు, నైయాయికుడు. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నట్టేనని అన్నంభట్టు తర్కసంగ్రహం చదివిన ప్రతివాడికీ తెలుసు. పొగ ఎక్కడుంటే నిప్పు అక్కడుంటుందనే వ్యాప్తికి తార్కికులు చూపే దృష్టాంతం వంటిల్లు. గంట అనుమానం నేర్చింది, దృష్టాంతాన్ని మరిచింది. వంటింటి పొగను వంటింటి పొగగా ఎరగని తార్కికుణ్ణి పది అడుగుల దూరానికి 85 డెసిబెళ్ల గొంతుతో కప్పుకు వేలాడదీశారు. పోనీ, గంటదే తప్పందామా? ఆ ఇంట్లో ఉన్నది కరెంటు పొయ్యి. పొగ ఉంది, నిప్పు లేదు! ఇన్ని వందల ఏళ్లు చెక్కుచెదరని వ్యాప్తికి ఫ్రిస్కోలో, అందులోనూ వంటింట్లోనే, భంగం వాటిల్లింది. దీన్ని పూర్వులెవరూ ఊహించలేదు.

పొయ్యి మీద పొగగొట్టం లేదా అంటే, ఉంది. లాగిన పొగను జల్లెడ పట్టి మళ్లీ వండేవాడి మొహానే వదిలే రకం. గంట నోరు మూయిద్దామంటే చట్టం ఊరుకోదు. బ్యాటరీ పీకితే పూచీ అద్దెకున్నవాడిదే. ఇక ఊరినుంచి మోసుకెళ్లిన మిక్సీ మన 230 వోల్టులకు అలవాటుపడింది. అక్కడి 120 వోల్టుల మీద పచ్చడిని రుబ్బదు, నిమురుతుంది. దాని మీద వేరే పద్యం రావాలి.

‘ఇంటికప్పు’ అన్నాడు గాని ఇంటి అడుగును కవి చూడలేదు. ఫ్రిస్కో ఉన్నది బ్లాక్‌లాండ్ ప్రెయిరీ మీద. నల్లరేగడి! ఒకప్పుడు అదంతా పత్తి చేలు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పునాదులు బీటలిస్తాయి. అందుకని వేసవిలో గోడల వెంట గొట్టాలు పరిచి నీళ్లు పెడతారు. మన రేగడిలో తడి పెట్టేది చేనుకు, అక్కడ ఇంటికి. ఈ సంగతి ఫోనులో విన్న నాన్న, “ఎన్ని తడులు పెడతారబ్బాయ్?” అని మాత్రం అడిగాడు.

‘అనుమతి’ ఎవరిని అడగాలి? లీజింగ్ ఆఫీసునని కొందరు. వాళ్లకు పోపు అంటే ఏమిటో చెప్పేసరికి నూనె మాడుతుంది. పొరుగువాణ్ణని మరికొందరు. కుక్క ఒప్పుకోదు. మా సిద్ధాంతం: రూమ్మేటును. గంట కింద నిలబడి, తడి తువ్వాలును వింజామరలా విసరవలసినవాడు అతడే. కిటికీ తెరిచి, అతడు “ఊఁ, వెయ్యన్నా” అన్నాకే మిరపకాయ నూనెలో పడాలి. ఆవాలకు ఈ నియమం వర్తించదు.