ఏకాంతమునకు చీటీ

ఫ్రాన్సు దేశమున మార్సెయ్ నగరము చెంత, తెల్లని సున్నపురాతి కొండల నడుమ మధ్యధరా సముద్రము చొచ్చుకొనివచ్చిన సుజితోన్ అను చిన్న తీరమునకు బండి పోదు; నగరపు అంచుననున్న లుమినీ నుండి రాళ్లు త్రొక్కుచు, ఎండ కోర్చుచు, గంటకు దగ్గరగా నడువవలసినదే. ఇంతటి దుర్గమస్థలమున నిర్జనత్వము నాస్వాదింపఁగోరిన రసజ్ఞులు, వేసవిలో ఒక్కొక్కనాడు 2,500 మంది వరకు కలసికట్టుగా వేంచేసి, ఒకరి తువాలుపై మరొకరు కాలు మోపుచు ఏకాంతము ననుభవించిరి. వారి పాదస్పర్శకు నేల కోసుకొనిపోయి పైను చెట్ల వేళ్లు బయటఁబడినవి. ఈ తీరము నేలు, 2012లో ఏర్పడిన కలాంక్ జాతీయోద్యానమువారు, ఏ పర్యాటకశాఖయు కలనైనఁ దలఁపని సాహసమునకుఁ బూని, దారి కఠినమనియు, జనసమ్మర్ద మధికమనియు 2021లో తమ సొత్తును తామే తెగడుచు ప్రచారము సాగించిరి. (మన పర్యాటకశాఖలకు పొగడ్తయే వచ్చును; తెగడ్త నేర్పువారు లేరు.) అదియుఁ జాలక, 2022 వేసవి నుండి రద్దీ దినములందు సుజితోన్ తీరమునకు రోజునకు 400 మందికే, అదియు ముందుగా నమోదు చేసికొన్నవారికే ప్రవేశమని శాసించిరి. రుసుము మాత్రము లేదు. ఏకాంతప్రియులారా, త్వరపడుడు, తక్కిన 399 మంది ఇప్పటికే బయలుదేరియుందురు.